వేసిన యెత్తు, ఆడిన మాట

మా పాఠశాల పడమటి వసారాలో మధ్యాహ్న విరామ సమయమున రెండు చదరంగపు బల్లలు వేయుదురు. గడచిన ఆగస్టు నెలలో నొకనాడు వాన కారణముగా ఆటస్థలమంతయు నీరు నిలిచియుండుటచే బాలురందఱు ఆ బల్లల చుట్టును మూగియుండిరి. మేము ఉపాధ్యాయుల గదికి పోవుచుండగా “తూచ్! తూచ్! నేను చూడలేదురా!” అను కేకయు, వెంటనే “తొండి! తొండి!” అని పది గొంతుకలును వినవచ్చెను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు తన మంత్రిని ఎదుటివాని గుఱ్ఱమునకు అందుచోట నుంచి, చేయి తీసిన పిమ్మట తప్పు కనుగొని, దానిని మరల వెనుకటి గడిలో పెట్టుకొనెను. ఎదుటివాడు ఒప్పుకొనలేదు. తగవు మాయొద్దకు వచ్చెను.

“ఆటకు ముందు మీరేమి నియమము పెట్టుకొంటిరి?” అని యడిగితిమి. ఏ నియమమును పెట్టుకొనలేదట. కావున ఇరువురిని సమాధానపఱచి, ఆటను మొదటినుండి ఆడుడని చెప్పి, ఉపాధ్యాయులకు సహజమైన అలవాటు చొప్పున, జరిగినదంతయు ఆంగ్లమున పది పంక్తులలో వ్రాసి మఱునాడు తెమ్మంటిమి.

మఱునాడు ఒక బాలుడు తన నేస్తము ‘ఎత్తును రిటర్న్ చేసెను’ అని వ్రాసి తెచ్చెను. మేము ఎఱ్ఱసిరాతో దానిని కొట్టివేసి, రిటర్న్ అనగా ఒకరి వస్తువును వారికి తిరిగి యిచ్చుట, లేక వెళ్లినచోటినుండి తిరిగి వచ్చుట యగునుగాని ఇచ్చట పొసగదని చెప్పితిమి.

“అయితే మాస్టారూ, ఇంగ్లీషులో తూచ్ అనాలంటే ఏమనాలండీ?” అని వాడడిగెను.

“అన్‌డూ అనవలెను నాయనా” అంటిమి.

ముందు బల్లపై కూర్చున్న బాలిక లేచి, “అది కంప్యూటరులో నొక్కేది కదండీ? కంప్యూటరు ఎవ్వరినీ అడగదండీ. ఇక్కడ ఎదురుగా ఇంకొకడున్నాడు కదండీ” అనెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి గాని, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పట్టముపొంది ఇరువదియేండ్లుగా ఆంగ్లము బోధించుచున్న మాకు ఆ ప్రశ్నకు తగిన సమాధానము అప్పటికప్పుడు తోచలేదు. రేపు చెప్పెదమని గడువు కోరితిమి.

ఆ రాత్రి నిఘంటువులు ముందు వేసికొని కూర్చుంటిమి. వెదకినకొలదియు ఆంగ్లములో ఈ యొక్క పనికి పలు మాటలున్నవనియు, వానిలో నేదియు మఱియొకదానికి బదులు రాదనియు తెలియవచ్చెను.

మొదటిది అన్‌డూ. ఇది ప్రాచీనాంగ్లమునుండి వచ్చిన మాట. ముడి విప్పుట, మూసినదానిని తెఱచుట, చేసినదానిని చేయనట్లు చేయుట దీని యర్థములు. చెఱచుట, నాశనము చేయుట యను అర్థమును దీనికి గలదు. 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలులో యెషయా గ్రంథము ఆఱవ అధ్యాయమున ప్రవక్త తన దీనస్థితిని చెప్పుకొనుచోట వాడబడిన ‘అన్‌డన్’ అను పదము ఇదియే. మన తెలుగు బైబిలులో అచ్చట ‘నశించితిని’ అని యున్నది. ముడిని విప్పుటకును మనిషి నశించుటకును ఒక్కటే మాట యుండుట మాకు వింతగా తోచెను. చదరంగపు బల్లపై మాత్రము ఇది ఒంటరివాని మాట. యంత్రముతో ఆడువాడు మీట నొక్కి ఎన్ని యెత్తులైనను వెనుకకు పోవచ్చును. యంత్రమునకు కష్టము తోచదు.

రెండవది టేక్ బ్యాక్. చదరంగ మాడువారందఱి నోటను ఉన్న మాట యిదియే. నేడు అంతర్జాలమున ఆడు ఆటలలో ఈ పేరుతోనే ఒక మీట యుండును. దానిని నొక్కినంతమాత్రమున ఎత్తు వెనుకకు రాదు. ఎదుటివానికి ఒక మనవి మాత్రము పోవును. అతడు సరేయన్నచో ఎత్తు మరలును, కాదన్నచో వేసినది వేసినట్లే యుండును. బాలిక చెప్పిన భేదము సరిగా ఇదియే. మన తూచ్ అనువాడు ఎవరి యనుమతియు కోరడు. ఆ మాట పలికినంతనే జరిగినది జరుగనట్లగునని వాని నమ్మకము. వసారాలోని తగవునకు మూలము గూడ అదియే. మంత్రిని మరల తీసికొనుట ఎదుటివాడు చేయగల ఉపకారము. దానిని తన హక్కని మొదటివాడు తలచెను.

మూడవది రిట్రాక్ట్. ఇది లాటిను మూలము గలది. వెనుకకు లాగుకొనుట దీని యర్థము. పిల్లి గోళ్లను లోనికి ముడుచుకొనుటకును ఈ మాటనే వాడుదురు. పాత చదరంగ గ్రంథములలో ఎత్తును వెనుకకు తీసికొనుటకు ఈ పదము కనబడును. కాని దీని అసలు కాపురము మాటలయందు. పత్రికవారు తప్పుడు వార్తను, సాక్షి తన వాఙ్మూలమును, పండితుడు తన సిద్ధాంతమును వెనుకకు తీసికొన్నప్పుడు వాడునది యిదియే. నాల్గవది రివోక్. అనుజ్ఞాపత్రమును రద్దుచేయుట దీని యర్థమైనను, పేకాటలో మాత్రము చేతిలో ఆ రంగు ముక్క యుండియు వేయకపోవుట యను నేరమునకు ఇది పేరు. కావున ఆటలలో దీనిని వాడువాడు ఒకటి చెప్పబోయి మఱియొకటి చెప్పినవాడగును.

ఇతర జాతుల మాటలను గూడ విచారించితిమి. చీనావారు ఎత్తును వెనుకకు తీసికొనుటను ‘హుయ్ ఛీ’ యందురు. ఆ రెండు అక్షరములకు ‘పశ్చాత్తాపము’, ‘బల్లపై ఆట’ అని యర్థము. జపానువారు ‘మత్తా’ యందురు. ఆగుమని దాని యర్థము. ఫ్రెంచివారిచ్చిన ‘జదూబ్’ అను మాట లోకమంతటను చెల్లుచున్నది. అది వంకరగా నున్న పావును గడిలో సరిగా నిలుపుటకు ముందు ఆటగాడు చెప్పవలసిన మాట. పావును ముట్టిన తరువాత చెప్పిన చెల్లదు.

ఇంతటితో భాషా విచారణ ముగిసినదనుకొని నియమముల గ్రంథమును తెఱచితిమి. 1924లో పారిసు నగరమున స్థాపింపబడిన ఫిడే యను అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమముల ప్రకారము, తన వంతు వచ్చిన ఆటగాడు తన పావును బుద్ధిపూర్వకముగా ముట్టెనా, అది కదలగలదైనచో దానినే కదపవలెను. నియమమునకు లోబడిన గడిలో నుంచి చేయి విడిచెనా, ఇక దానిని వేఱొక గడికి మార్చరాదు. ఆ ఎత్తు ఎంత తెలివితక్కువదైనను సరే.

అయినను వెనుకకు పోవుటకు ఒక దారి గలదు. వేసిన యెత్తు నియమవిరుద్ధమైనదైనచో, అనగా తన రాజును ఆపదలో విడిచి వేఱొక పావును నడుపుట వంటిదైనచో, అది ఆట ముగియకముందు తెలిసినయెడల, తప్పునకు ముందున్న స్థితిని మరల బల్లపై నిలుపవలెను. దీర్ఘకాలపు ఆటలలో ఎదుటివానికి రెండు నిమిషముల కాలము అదనముగా నిత్తురు. అదే తప్పు రెండవమాఱు చేసినవానికి సాధారణముగా ఓటమియే. తెలివితక్కువ యెత్తును మరల తీసికొనుటకు వీలులేదు, అన్యాయపు టెత్తును మరల తీసికొనక తప్పదు. ఈ భేదమును చదివినప్పుడు మాకు సంతోషము కలిగెను. అది ఎచ్చటికి దారితీయునో అప్పటికి ఎఱుగము.

మఱునాడు తరగతిలో ఇదంతయు చెప్పితిమి. మన కృష్ణామండలపు బిడ్డ, గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపిగారి మాటయు చెప్పితిమి. ఆమె 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు బిరుదము పొందిరి. 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను స్త్రీల వేగపు చదరంగమున ప్రపంచ విజేతలైరి. 2025 జూలైలో జార్జియా దేశమందలి బటూమి నగరమున ప్రపంచకప్పు తుదిపోరులో నాగపూరు బాలిక దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడిరి. అట్టిచోట ఎంతటివారికైనను తూచ్ లేదు. విడిచిన పావు విడిచినదే.

1994లో స్పెయిను దేశపు లినారెసు పోటీలో జరిగిన సంగతియు చెప్పితిమి. ప్రపంచ విజేతయగు కాస్పరోవు, పదునేడేండ్ల జూడిత్ పోల్గారుతో ఆడుచు, గుఱ్ఱము నొక గడిలో నుంచి, క్షణమాత్రము విడిచి, మరల పట్టుకొని వేఱొక గడిలో నుంచెను. చేయి విడిచినది నిజమేనని చలనచిత్రములో తరువాత కనబడెను. ఆ బాలిక ఆ సమయమున మధ్యవర్తికి ఫిర్యాదు చేయలేదు. ఆటలో కాస్పరోవే గెలిచెను. ఎనిమిదేండ్లకు, 2002లో, మాస్కోలో ఆమె అతనిని ఓడించెను. ఇది వినగానే బాలికలు చప్పట్లు కొట్టిరి.

మన పులిజూదమును గూడ మఱవలేదు. మా బాల్యమున దివిసీమలో మా తాతగారి యింటి అరుగుమీద సుద్దతో గీసికొని, మూడు పులులకు రాళ్లను, పదునైదు మేకలకు చింతపిక్కలను ఉంచి ఆడెడివారము. పదునైదు మేకలును బల్లమీదికి వచ్చువఱకు పెట్టిన మేకను కదలింపరాదు. మేము తొందరపడి పులినోట మేకను పెట్టి, మరల తీయబోగా తాతగారు మా చేతిపై మెల్లగా కొట్టి, “పెట్టింది పెట్టిందేరా. తర్వాత దాన్ని చూసి పెట్టు” అనెడివారు.

ఇట్లు పాఠము చక్కగా సాగుచుండగా ఆ ముందుబల్ల బాలికయే మరల లేచెను. “మాస్టారూ, ఎత్తు కాకుండా మాట వెనక్కి తీసుకోవాలంటే రిట్రాక్ట్ అన్నారు కదండీ. దానికీ ఎదుటివాళ్లు ఒప్పుకోవాలాండీ?” అని యడిగెను.

“అక్కఱలేదమ్మా. ఎవరు మాట యనిరో వారే దానిని వెనుకకు తీసికొనవలెను. అయితే ఎచ్చట ఎవరియెదుట అనిరో అచ్చటనే, వారి యెదుటనే...” అని యింతవఱకు చెప్పి ఆగిపోతిమి. నోట మాట రాలేదు. గంట మ్రోగుటచే ఆనాటికి బ్రతికిపోతిమి.

చదువరులారా, కారణమిది. 2013వ సంవత్సరమున మేము వేఱొక పాఠశాలలో పనిచేయుచుంటిమి. తొమ్మిదవ తరగతి అర్ధసంవత్సర పరీక్షలో ఇరువురు బాలుర ఆంగ్ల వ్యాసములు అక్షరము పొల్లుపోకుండ ఒక్కటిగా నుండెను. ఒకడు తరగతిలో మొదటివాడు, కలిగినవారి బిడ్డ. రెండవవాడు కాలువ లస్కరు కుమారుడు, సామాన్యముగా చదువువాడు. మేము ఎవరిని విచారింపలేదు. రెండవవానిని నిలువబెట్టి, నలువదిమంది యెదుట, “దొంగవ్రాత వ్రాసితివి” అంటిమి. ఆ ఒక్క మాటతో నూరకుండక, అనదగని మఱియొక మాటయు అంటిమి. వాడు “నేను కాదండీ” అని ఒక్కసారి మాత్రము చెప్పి, తలవంచుకొని నిలిచియుండెను.

రెండుదినములు గడచిన పిమ్మట మొదటివాడే ఇంటికి వచ్చి, చూచి వ్రాసినది తానేనని ఏడ్చుచు చెప్పెను. లస్కరు కుమారుడు ఆ వ్యాసమును రాత్రులు కూర్చుండి తానై కూర్చుకొని నేర్చినాడట. మేము పట్టికలో మార్కులు సరిచేసితిమి. ప్రధానోపాధ్యాయులకు చెప్పితిమి. ఆ బాలునితో వసారాలో, ఎవ్వరును లేనప్పుడు, “ఏదో పొరపాటైనది, మనసులో పెట్టుకొనకుము” అంటిమి. తరగతిలో మాత్రము నోరు మెదపలేదు. ఉపాధ్యాయుడు పిల్లలయెదుట తప్పొప్పుకొన్నచో వారిక మాట వినరని మాకు మేము చెప్పుకొంటిమి. ఆ బాలుడు ఆ తరువాత పదవ తరగతి ముగియువఱకు మా పాఠములో ఒక్కనాడును చేయి యెత్తి సమాధానము చెప్పలేదు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతము నీట మునిగినప్పుడు మేము మేడమీది వాటాలో చిక్కుపడితిమి. రెండవనాడు పడవపై పాలపొట్లములు, రొట్టెలు, మంచినీరు పంచుచు వచ్చిన యువకుడొకడు మమ్ము చూచి, “మాస్టారూ, బాగున్నారా? నేనండీ” అని పేరు చెప్పెను. పొట్లము మా చేతికిచ్చి, “ఇంకా ముందు ముసలివాళ్లున్నారండీ” అని పడవ నడుపుకొని పోయెను. మేము ధన్యవాదములైనను సరిగా చెప్పలేకపోతిమి.

నీరు తీసిన పిమ్మట అక్టోబరులో వాకబు చేసి ఉయ్యూరు వెళ్లితిమి. అచ్చట అతడు మోటారు వైండింగు దుకాణము పెట్టుకొనియున్నాడు. వరదకు తడిసి కాలిన మోటార్లు గుమ్మమువఱకు పేర్చియుండెను. అతడు ఒకదానిలోనుండి నల్లబడిన రాగితీగెను చుట్టచుట్టలుగా లాగి పాఱవేయుచుండెను. మేము బల్లమీద కూర్చుండి, పదునొకండేండ్ల క్రిందటి సంగతి యెత్తి, తప్పు మాదని, క్షమింపుమని చెప్పితిమి. అతడు పని ఆపెను. చేతులు తుడుచుకొనెను.

“అది అప్పుడే అయిపోయిందండీ మాస్టారూ” అనెను. కొంతసేపటికి, “ఆ రోజు క్లాసులో చెప్పుంటే బాగుండేదండీ” అనెను. పిమ్మట మాకు తేనీరు తెప్పించి, మా పిల్లల చదువులను గుఱించి అడిగెను.

అతడు క్షమించితిననలేదు, క్షమింపననలేదు. మేమును ఆ పైన అడుగలేకపోతిమి. బస్సెక్కి బందరు రోడ్డున తిరిగివచ్చుచు, అడుగవలసినవారిని అడిగితిమి, మా బాధ్యత తీరినదని మనసును సమాధానపఱచుకొంటిమి. ఏడాది కావచ్చెను. ఆ సమాధానము నిజమైనది కాదని ఎనిమిదవ తరగతి బాలిక ప్రశ్నతో తెలిసెను.

మేము చేసినది టేక్ బ్యాక్ వంటి మనవి. తెలివితక్కువ యెత్తునకైనచో అది చాలియుండును. కాని విచారింపక శిక్షించుట తెలివితక్కువ యెత్తు కాదు, నియమవిరుద్ధమైన యెత్తు. అట్టిదానికి ఎదుటివాని దయ కోరుట కాదు, వెనుకటి స్థితిని బల్లపై నిలుపుట విధి. ఆ బాలుడు నలువదిమంది యెదుట నిజాయితీపరుడుగా నుండెను. ఆ స్థితినే నలువదిమంది యెదుట మరల నిలుపవలసియుండెను. పట్టికలో మార్కులు మార్చినంతమాత్రమున అది నిలువలేదు. ఆట ముగిసిన పిమ్మట నియమములుగూడ సహాయము చేయవు. ఉయ్యూరులో అతడు చెప్పినది అదియే.

మఱునాటి పాఠములో మేము పేరు చెప్పక ఈ కథ యంతయు ఎనిమిదవ తరగతివారికి చెప్పితిమి. అప్పుడు మేమనిన మాట అబద్ధమని, ఆ బాలుడు నిర్దోషియని, తప్పు మాదేయని స్పష్టముగా చెప్పితిమి. పిల్లలు మాట వినుట మానలేదు. ఆనాడు గది ఎంత నిశ్శబ్దముగా నుండెనో ఇరువదియేండ్లలో ఎన్నడును ఎఱుగము. అయినను వీరు ఆ నలువదిమంది కారు. ఆ నలువదిమంది నేడు వేర్వేఱు ఊళ్లలో ఉన్నారు. కొందఱు తలిదండ్రులై యుందురు. ఈ సంచిక వారిలో ఎవరి యింటికైనను చేరునేమోయను ఆశతో, ప్రధానోపాధ్యాయుల అనుమతిపై, ఆ యువకుని సమ్మతిపై, ఇచ్చట వ్రాయుచున్నాము. ఆనాడు ఆ తరగతిలో నున్నవారు ఇది చదివినచో, ఆ వ్యాసము అతనిదేయని యెఱుగుదురు గాక. ఆలస్యమైనను రిట్రాక్ట్ అను మాటకు మేమెఱిగిన అర్థమిది.

మొన్న వసారాలో ఆ యిరువురు బాలురే మరల ఆడుచుండిరి. ఈసారి తప్పుటెత్తు వేసినవాడు రెండవవాడు. చేయి విడిచి, నాలుక కఱచుకొని, “ఒరే, ఒక్క ఎత్తు వెనక్కి ఇస్తావా?” అని యడిగెను. మొదటివాడు కొంతసేపు బల్లవైపు చూచి, “ఇవ్వనురా” అనెను. అడిగినవాడు సరేయని, పోవుచున్న ఏనుగును పోనిచ్చి, తక్కిన పావులతో ఆడసాగెను. కేకలు లేవు, తగవు లేదు. మేము గంట కొట్టువఱకు అచ్చటనే నిలిచి చూచితిమి.